నచికేత (పేరు)

నచికేత సంస్కృతం నుండి వచ్చిన పురుష నామం. కఠోపనిషత్తులో యముని ఇంటికి వెళ్ళి, మరణానంతరం మనిషి ఉంటాడా, ఉండడా అని ఆయననే ప్రశ్నించిన బాలుని పేరు ఇది. సంస్కృతంలో దీని మూలరూపం నచికేతస్. తెలుగు గ్రంథాలలో నచికేతుడు అని, వ్యక్తుల పేర్లలో నచికేత, నచికేత్ అని కనిపిస్తుంది. ఉపనిషత్ కథలలో అత్యంత ప్రసిద్ధమైన వాటిలో ఇది ఒకటి అయినప్పటికీ, పిల్లలకు ఈ పేరు పెట్టడం మాత్రం అరుదు. కన్నతండ్రే మృత్యువుకు ఇచ్చివేసిన కొడుకు పేరు కావడం కొందరి సంకోచానికి కారణం. అయితే అదే కథలో ఆ బాలుడు యమలోకం నుండి క్షేమంగా తిరిగివస్తాడు.

అర్థం

పిల్లల పేర్ల పుస్తకాలలో ఈ పేరుకు "అగ్ని" అనో "ఒక ప్రాచీన ఋషి" అనో అర్థం ఇవ్వడం కద్దు. ఇందులో మొదటిది పొరపాటు. యముడు ఆ బాలునికి ఉపదేశించిన అగ్నికి బాలుని పేరు మీదుగా "నాచికేతాగ్ని" అనే పేరు వచ్చింది. అంటే పేరు బాలుని నుండి అగ్నికి వెళ్ళినదే కాని, అగ్ని నుండి బాలునికి వచ్చినది కాదు.

పదాన్ని విడదీస్తే "న" (కాదు, లేదు) అనే నిషేధార్థకం, "చికేత" అనే క్రియారూపం కనిపిస్తాయి. ఎఱుగుట, గ్రహించుట అనే అర్థం గల "చిత్" ధాతువుకు ఇది వైదిక భాషలోని భూతకాల రూపం. చేతన, చిత్తము, చైతన్యము అనే మాటలు కూడా ఈ ధాతువు నుండి పుట్టినవే. కనుక నచికేతస్ అంటే "ఎఱుగనివాడు" అని స్థూలంగా చెప్పవచ్చు. ఋగ్వేదం పదవ మండలంలోని 51వ సూక్తంలో, దేవతల నుండి దాగిన అగ్ని తనకు ఒక విషయం తెలియలేదని చెప్పేచోట "న చికేత" అనే మాటలే పక్కపక్కన ఉన్నాయి. ఈ పేరును ఆ ప్రయోగంతో ముడిపెట్టిన పండితులు ఉన్నారు.

బిడ్డకు "తెలియనివాడు" అని పేరు పెట్టడమేమిటని అనిపించవచ్చు. కాని ఉపనిషత్ కథ అంతా ఈ అర్థం మీదనే నడుస్తున్నట్లుంటుంది. తనకు తెలియదని ఎఱిగినవాడే అడుగుతాడు.

వైదిక వాఙ్మయంలో

ఋగ్వేదం పదవ మండలంలోని 135వ సూక్తంలో ఒక బాలుడు, యముడు, చక్రాలు లేని రథం ప్రస్తావనకు వస్తాయి. ఏడు మంత్రాల ఈ సూక్తంలో నచికేతుని పేరు లేదు. 14వ శతాబ్దికి చెందిన సాయణుడు తన భాష్యంలో దీనిని నచికేతుని కథతో అన్వయించాడు.

కథ స్పష్టంగా కనిపించేది కృష్ణ యజుర్వేదానికి చెందిన తైత్తిరీయ బ్రాహ్మణంలో. వాజశ్రవసుడు యజ్ఞంలో సర్వస్వం దానం చేస్తుండగా కొడుకు "నన్నెవరికి ఇస్తావు?" అని మూడుసార్లు అడుగుతాడు. విసిగిన తండ్రి మృత్యువుకు ఇస్తున్నానంటాడు. యముడు ఇంట లేని సమయంలో వెళ్ళి, మూడు రాత్రులు ఏమీ తినకుండా ఉండమని ఒక అదృశ్యవాణి బాలునికి చెబుతుంది. ఏమి తిన్నావని యముడు అడిగితే, మొదటి రాత్రి నీ సంతానాన్ని, రెండవ రాత్రి నీ పశువులను, మూడవ రాత్రి నీ పుణ్యాన్ని తిన్నానని చెప్పాలట. అతిథిని పస్తు ఉంచిన గృహస్థుకు కలిగే నష్టమే దీని భావం. అతిథిధర్మం యమునికి కూడా మినహాయింపు ఇవ్వలేదన్నమాట. మూడు రాత్రులకు మూడు వరాలు లభిస్తాయి. తండ్రి వద్దకు ప్రాణంతో తిరిగివెళ్ళడం, చేసిన పుణ్యం క్షయం కాకుండడం, పునర్మృత్యువును జయించడం. చివరి రెండింటికీ యముడు చెప్పిన సాధనం నాచికేతాగ్ని చయనమే.

కఠోపనిషత్తు ఈ కథను తీసుకొని మూడవ వరాన్ని పూర్తిగా మార్చివేసింది. ఇక్కడ తండ్రి దానమిస్తున్నవి పాలుడిగి, ఈనే శక్తి కూడా పోయిన ముసలి ఆవులు. వాటిని చూసి బాలునిలో శ్రద్ధ ప్రవేశించిందని ఉపనిషత్తు అంటుంది. మొదటి వరంగా తండ్రి కోపం చల్లారాలని కోరడం గమనించదగినది. తనను మృత్యువుకు ఇచ్చినవాని మనశ్శాంతినే అతడు ముందుగా అడిగాడు. రెండవ వరంగా స్వర్గసాధనమైన అగ్నిని తెలుసుకున్నాడు. మూడవ ప్రశ్న మరణానంతర స్థితిని గురించి. అది దేవతలకే సందేహాస్పదమని, వేరొకటి కోరుకొమ్మని యముడు అంటాడు. నూరేళ్ళు జీవించే పుత్రపౌత్రులను, ఏనుగులను, గుఱ్ఱాలను, బంగారాన్ని, భూమిని ఇస్తానంటాడు. నచికేతుడు వేటికీ ఒప్పుకోడు. రెండు అధ్యాయాలు, ఆరు వల్లులు గల ఉపనిషత్తులో మిగిలినదంతా ఆ ప్రశ్నకు యముడు ఇచ్చిన సమాధానమే.

ఈ ఉపనిషత్తుకు శంకరాచార్యులు, మధ్వాచార్యులు భాష్యాలు వ్రాశారు. ఎడ్విన్ ఆర్నాల్డ్ 1885లో దీనిని ఆంగ్ల పద్యాలలో వెలువరించాడు. స్వామి వివేకానంద తన ప్రసంగాలలో నచికేతుని శ్రద్ధను యువతకు ఆదర్శంగా చూపాడు. ఆధునిక కాలంలో ఈ పేరుకు గౌరవం పెరగడంలో ఆయన మాటల ప్రభావం తక్కువేమీ కాదు.

నాచికేతుడు, నాసికేతుడు

మహాభారతం అనుశాసనిక పర్వంలో భీష్ముడు చెప్పిన కథలో పేరు "నాచికేత" అని దీర్ఘంతో ఉంటుంది. అక్కడ తండ్రి ఉద్దాలకి నది ఒడ్డున మరచిన సమిధలు, దర్భలు, పూలు తెమ్మని కొడుకును పంపుతాడు. అవి ప్రవాహంలో కొట్టుకుపోవడంతో బాలుడు వట్టి చేతులతో వస్తాడు. ఆకలితో ఉన్న తండ్రి యముని చూడుమని శపించగానే నేల కూలుతాడు. తిరిగి లేచి, యమలోకంలో గోదాన ఫలాన్ని చూసివచ్చానని చెబుతాడు. ఆత్మవిచారం ఇందులో లేదు.

తరువాతి కాలంలో ఈ పేరు "నాసికేత"గా మారింది. మూలార్థం మరుగున పడినప్పుడు జనం కొత్త అర్థం కల్పించుకోవడానికి ఇది మంచి ఉదాహరణ. నాసిక అంటే ముక్కు. చంద్రావతి అనే రాజపుత్రిక ఒక తామరపువ్వును వాసన చూసి గర్భం ధరించగా, ఆమె ముక్కు నుండి పుట్టినందున బాలునికి ఆ పేరు వచ్చిందని నాసికేతోపాఖ్యానం చెబుతుంది. సదల్ మిశ్ర 1803లో కలకత్తా ఫోర్ట్ విలియం కళాశాల కోసం ఈ కథను హిందీ వచనంలో వ్రాశాడు. హిందీ గద్యంలో తొలినాటి రచనలలో అది ఒకటి. తెలుగులో 15వ శతాబ్దికి చెందిన దగ్గుపల్లి దుగ్గన దీనిని కావ్యంగా రచించాడు. ఇతడు శ్రీనాథుని మఱది. సాహిత్య చరిత్రలలో ఈ కావ్యం పేరు నాచికేతోపాఖ్యానమని, నాసికేతోపాఖ్యానమని రెండు విధాలుగా కనిపిస్తుంది.

తెలుగు రూపం, నామకరణం

సంస్కృతంలోని దుర్వాసస్ తెలుగులో దుర్వాసుడు అయినట్లే నచికేతస్ నచికేతుడు అవుతుంది. "డు" ప్రత్యయం తొలగించి నచికేత అంటే తెలుగు చెవికి సీత, లత వంటి స్త్రీనామంలా వినిపిస్తుంది. నచికేత్ అనే రూపం ఈ ఇబ్బందిని తప్పిస్తుంది. ఉత్తరాది ఉచ్చారణలో చివరి అచ్చు పలకకపోవడం కూడా ఈ రూపానికి అనుకూలించింది.

ఆపస్తంబ గృహ్యసూత్రం మగబిడ్డ పేరులో రెండు లేదా నాలుగు అక్షరాలు ఉండాలని, మొదటి అక్షరం నాదం గలది కావాలని, మధ్యలో య, ర, ల, వలలో ఒకటి ఉండాలని, చివర దీర్ఘంపై విసర్గ రావాలని విధించింది. ఆడపిల్లల పేర్లకు బేసి సంఖ్య అక్షరాలు చెప్పింది. "నచికేతాః" అనే ప్రథమా విభక్తి రూపం మధ్యాక్షర నియమానికి తప్ప మిగిలిన వాటికి సరిపోతుంది. నచికేత్ అని కుదిస్తే అక్షరాలు మూడే మిగులుతాయి. నేడు ఈ లెక్క చూసేవారు తక్కువ. జన్మనక్షత్రాన్ని బట్టి తొలి అక్షరం ఎంచుకొనే కుటుంబాలలో "న" అనూరాధ మొదటి పాదానికి వస్తుంది.

వాడుక

భారతదేశంలో పిల్లల పేర్ల ప్రాచుర్యాన్ని ఏటా లెక్కించి ప్రకటించే ప్రభుత్వ జాబితా లేదు. బెంగాల్‌లో నచికేత, మహారాష్ట్రలో నచికేత్ రూపాలు కనిపిస్తాయి. బెంగాలీ గాయకుడు నచికేత చక్రవర్తి 1990వ దశకం నుండి ప్రసిద్ధుడు. మరాఠీ చిత్రం "22 జూన్ 1897" దర్శకులలో ఒకరు నచికేత్ పట్వర్ధన్.

తెలుగువారికి ఈ పేరు వార్తాపత్రికల ద్వారా పరిచయమైనది 1999లో. కార్గిల్ యుద్ధంలో మే 27న భారత వాయుసేన ఫ్లైట్ లెఫ్టినెంట్ కంభంపాటి నచికేత నడుపుతున్న మిగ్-27 విమానం ఇంజను ఆగిపోయింది. పారాచూట్‌తో దిగిన ఆయన పాకిస్తాన్ సైన్యానికి చిక్కాడు. జూన్ మొదటి వారంలో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ ద్వారా స్వదేశం చేరాడు. వెన్నెముక గాయం వల్ల యుద్ధ విమానాలకు దూరమై, తరువాత రవాణా విమానాలు నడిపాడు. కథలోని బాలుని వలె తిరిగివచ్చాడన్న పోలిక పేరు తెలిసినవారికి వెంటనే స్ఫురించేదే.

ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో అడవి నడుమ నచికేత తాల్ అనే చిన్న సరస్సు ఉంది. ఉద్దాలకుని కుమారుని పేరు మీదనే దానికి ఆ పేరు వచ్చిందని స్థానికులు చెబుతారు.