పొద్దున పులుపు, సాయంత్రం చేదు

బెంజమిన్ హైనె అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో మన సామర్లకోటలో పనిచేశాడు. అక్కడి తోట చూసుకుంటున్న విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వెళ్లిపోయాక ఆ బాధ్యత ఈయన చేతికి వచ్చింది. ఆ హైనె 1813లో లండన్‌లోని లిన్నేయన్ సొసైటీ ఉపాధ్యక్షుడు లాంబర్ట్‌కు ఒక ఉత్తరం రాశాడు. ఫలానా మొక్క ఆకు పొద్దున్నే చుక్కకూరంత పుల్లగా ఉంటుందనీ, పొద్దెక్కేకొద్దీ ఆ పులుపు తగ్గి మధ్యాహ్నానికి ఏ రుచీ లేకుండా పోతుందనీ, సాయంత్రానికి ఇంచుమించు చేదెక్కుతుందనీ అందులోని సంగతి. ఆమ్లం అంటేనే ఆక్సిజన్ ఉన్న పదార్థమని నమ్మే రోజులవి. కాబట్టి రాత్రి ఆకు ఆక్సిజన్ పీల్చుకుని పుల్లబడుతుందనీ, పగలు దాన్ని వదిలేస్తుందనీ ఆయన అనుకున్నాడు. కారణం తప్పింది గానీ నాలుక తప్పలేదు.

ఆ మొక్క మరేదో కాదు, మన రణపాల. పదో తరగతి జీవశాస్త్రం చదివినవాళ్లందరికీ శాఖీయ ప్రత్యుత్పత్తి పాఠంలో పరిచయమైనదే. పిల్లలు నోటుపుస్తకంలో దాచి, వేర్లు వచ్చాయా లేదా అని రోజూ తెరిచి చూసుకునే ఆకు దీనిదే. పుట్టిల్లు మడగాస్కర్. ఇప్పుడు వేడి దేశాలన్నింటిలోనూ పెరట్లోనో, రాతిగోడల మీదో కనిపిస్తుంది. నర్సరీలో డబ్బు పెట్టి కొనే ఎచెవేరియాలకూ జేడ్ మొక్కలకూ ఇచ్చే మర్యాద మనవాళ్లు దీనికి ఇవ్వరు. నా మటుకు నాకు, అపార్ట్‌మెంటు బాల్కనీలో మొదటిసారి రసభరితమైన మొక్కను పెంచాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి గురువు లేదు. నీళ్లు ఎప్పుడు పోయాలో, పిలకలు ఎలా తీయాలో, ఎప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవాలో అన్నీ ఆ ఆకే చెబుతుంది.

మామూలు మొక్కల పత్రరంధ్రాలు పగలు తెరుచుకుంటాయి. కార్బన్ డయాక్సైడ్ లోపలికి పోతుంది, ఎండ తగులుతుంది, అప్పటికప్పుడు పిండిపదార్థం తయారవుతుంది. చిక్కేమిటంటే అవే రంధ్రాల గుండా ఆకులోని తేమ కూడా ఆవిరై పోతుంది. ఒక గ్రాము కార్బన్ డయాక్సైడ్ సంపాదించడానికి వరి, గోధుమ వంటి మొక్కలు 400 నుంచి 500 గ్రాముల నీరు పోగొట్టుకుంటాయి. రణపాల వంటి మొక్కలకు ఆ ఖర్చు 50 నుంచి 100 గ్రాములే. ఎందుకంటే ఇది ఎండవేళ రంధ్రాలు మూసేసుకుని, చల్లబడ్డాక రాత్రి తెరుస్తుంది. రాత్రి వెలుతురు ఉండదు కనుక లోపలికి వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌తో వెంటనే పిండిపదార్థం చేయలేదు. దాన్ని మాలిక్ ఆమ్లంగా మార్చి, కణాల లోపల పెద్ద సంచీల్లా ఉండే రిక్తికల్లో దాస్తుంది. తెల్లారి ఎండ వచ్చాక, రంధ్రాలు మూసే ఉంచి, ఆ ఆమ్లంలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను మళ్లీ బయటికి తీసి కిరణజన్య సంయోగక్రియకు వాడుకుంటుంది. రాత్రి పిండి రుబ్బి పెట్టుకుని పొద్దున ఇడ్లీ వేసుకోవడం లాంటి ఏర్పాటు. హైనె నాలుకకు తగిలిన పులుపు ఆ రాత్రి నిల్వే. మధ్యాహ్నానికి సరుకు ఖర్చయిపోతుంది.

ఈ పద్ధతిని శాస్త్రజ్ఞులు క్రాసులేసియన్ ఆమ్ల జీవక్రియ అంటారు. రణపాల చేరిన క్రాసులేసి కుటుంబం పేరే దానికి పెట్టారు. అయితే ఇది ఆ కుటుంబం సొత్తేమీ కాదు. అనాస, కలబంద, నాగజెముడు, ఇప్పుడు మన రైతులు కొందరు వేస్తున్న డ్రాగన్ ఫ్రూట్ కూడా ఇదే దారి పట్టినవి. సంగతి మీరే చూడాలంటే నాలుక వాడకండి, ఎందుకో తర్వాత చెబుతాను. ఒకే కొమ్మ మీద కణుపుకు రెండు ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. వాటిలో ముదురు జతను చూసుకుని, ఒకదాన్ని తెల్లవారుజామున, రెండోదాన్ని సాయంత్రం అయిదింటికి తుంచి, రసం పిండి పీహెచ్ కాగితం మీద వేయండి. మొదటిది కాగితాన్ని ఎరుపు వైపు లాగుతుంది, రెండోది అంతగా లాగదు. లేత ఆకులతో చేస్తే తేడా తెలియకపోవచ్చు, వాటిలో ఈ రాత్రి వ్యాపారం ఇంకా సరిగా మొదలై ఉండదు.

ఇక్కడ ఒక మాట. "ఇది రాత్రిపూట కూడా ఆక్సిజన్ ఇస్తుంది, పడగ్గదిలో పెట్టుకోండి" అని నర్సరీల్లో ఇలాంటి మొక్కల్ని అంటగడుతుంటారు. రాత్రి రంధ్రాలు తెరుచుకోవడం నిజమే, కార్బన్ డయాక్సైడ్ పీల్చడమూ నిజమే. కానీ ఆక్సిజన్ పుట్టేది వెలుతురు పడి నీటి అణువు విడిపోయినప్పుడు. చీకట్లో ఆ పని జరగదు. పడగ్గదిలో కుండీ పెట్టుకోవడానికి అది చూడముచ్చటగా ఉండటం చాలదా?

ఈ సంగతి తెలిసినవాడికి కుండీ దగ్గర సగం తప్పులు తప్పిపోతాయి. ఆకులోనే నీటి నిల్వ పెట్టుకుని, దాన్ని చాలా పొదుపుగా ఖర్చు చేసే మొక్కకు గులాబీకి పోసినట్టు రోజూ నీళ్లు పోస్తే వేర్లకు గాలి ఆడక కుళ్లుతుంది. అడుగున చిల్లు ఉన్న మట్టి కుండీ మేలు. ఎర్రమట్టి ఒక వంతు, ముతక ఇసుక ఒక వంతు, వర్మీకంపోస్టు అర వంతు కలిపితే చాలు. తీరప్రాంతం వాళ్లు సముద్రపు ఇసుక మాత్రం తేకండి, ఉప్పుకు వేర్లు మాడతాయి. వేలు రెండు కణుపుల దాకా మట్టిలోకి గుచ్చి చూసి, పొడిగా ఉంటేనే నీళ్లు, అదీ అడుగునుంచి కారేదాకా. కింద పళ్లెంలో నిలిచిన నీటిని పారబోయాలి. వానాకాలంలో బాల్కనీ అంచున పెట్టిన కుండీకి వాన నీళ్లే ఎక్కువైపోతాయి, లోపలికి జరపండి.

దాహం వేసిన ఆకునూ కుళ్లుతున్న ఆకునూ చాలామంది ఒకటే అనుకుని, రెండింటికీ నీళ్లే మందుగా పోస్తారు. దగ్గరగా చూస్తే తేడా స్పష్టంగా ఉంటుంది. దాహం వేసినప్పుడు అడుగు ఆకులు పలచబడి, మెత్తబడి, పైపొర మీద సన్నటి ముడతలు పడతాయి, రంగు మాత్రం పచ్చగానే ఉంటుంది. నీళ్లెక్కువైతే ఆకు పసుపు తిరిగి, లోపలిది కనిపించేటంత పారదర్శకంగా మారి, ముట్టుకుంటే చిదిమినట్టవుతుంది. కాండం మొదలు నల్లబడుతుంది. అంతదాకా వచ్చాక కుండీని రక్షించడం వృథా, పైనున్న బాగున్న కొమ్మను కత్తిరించుకోవడమే మార్గం.

ఎండ మూడు నాలుగు గంటలు కావాలి, అదీ పొద్దుటి ఎండైతే బాగు. చాలకపోతే కణుపుల మధ్య దూరం పెరిగి, మొక్క సన్నగా సాగి ఒక పక్కకు ఒరుగుతుంది. మే నెలలో విజయవాడ, రామగుండం వంటి చోట్ల పడమటి బాల్కనీలో అయితే మధ్యాహ్నం నీడ ఇవ్వక తప్పదు. అక్కడ అసలు ఇబ్బంది పగటి వేడికంటే రాత్రి ఉక్క. రాత్రి చల్లబడకపోతే ఆకులో ఆమ్లం సరిగా పోగుపడదు, మొక్క ఎదుగుదల మందగిస్తుంది. అప్పుడు ఎరువు వేసి తొందరపెట్టడం దండగ.

ఇక పిలకల సంగతి. ఆకు అంచున నొక్కులు ఉంటాయి కదా, ఒక్కో నొక్కులోనూ ఆకు లేతగా ఉన్నప్పుడే ఒక చిన్న విభాజ్య కణజాలపు ముద్ద ఏర్పడి నిద్రపోతూ ఉంటుంది. మొక్కకు అంటిపెట్టుకుని ఉన్నంతకాలం సాధారణంగా అది లేవదు. తుంచి పక్కన పడేస్తే లేస్తుంది. ఆకును విడదీయడమే దానికి సంకేతం ఎందుకయింది? ఈ ప్రశ్న పట్టుకుని ఏళ్ల తరబడి కూర్చున్నవాడు న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞుడు జాక్ లోబ్. 1924లో, ఆయన పోయిన ఏడే, దీని మీద ఆయన పుస్తకం వచ్చింది. ప్రయోగాలు చూస్తే మనం కూడా వంటింటి బల్ల మీద చేయగలిగినంత సులువు. ఒకే కణుపు మీది జత ఆకుల్ని తీసుకున్నాడు. ఒకదాన్ని విడిగా, రెండోదాన్ని చిన్న కాండం ముక్కతో సహా ఉంచాడు. విడి ఆకు అంచుల్లో పిలకలు లేచాయి. కాండం ముక్క ఉన్న ఆకులో అవి అణిగిపోయాయి, ఆకులోని పోషకం కాండం వైపు పోయి అక్కడి మొగ్గలు లేచాయి. ఆకును నిండుగా వదిలేస్తే అన్ని నొక్కులూ లేవవు, కొన్నే గెలుస్తాయి. అదే ఆకును నొక్కుకొక ముక్కగా కోస్తే ప్రతి ముక్కా లేస్తుంది. అయితే పుట్టిన పిలకల మొత్తం బరువును తూస్తే అది ఆకు బరువుకు తగ్గట్టే ఉంటుంది, ఎక్కువ పిలకలొస్తే ఒక్కోటీ చిన్నదవుతుంది.

ఈ లెక్క ఇంట్లో పనికొస్తుంది. పదిమందికి పంచాలనుకుంటే ఆకును ముక్కలు చేయండి. ఒక బలమైన మొక్క చాలనుకుంటే ముదురు ఆకును పూర్తిగా తడి ఇసుక మీద పరిచి, అంచులు మట్టికి తాకేలా చిన్న గులకరాయి పెట్టండి, పాతిపెట్టొద్దు. వారం పది రోజుల్లో నొక్కుల దగ్గర సన్నటి వేర్లు, ఆ వెనకే గింజంత ఆకుల జత కనిపిస్తాయి. తల్లి ఆకు ముడుచుకుపోవడం చూసి కంగారుపడి తీసేయకండి, దాని నీరే పిల్లలు తాగుతున్నాయి. పిలకకు రెండు మూడు జతల ఆకులొచ్చాక విడదీయవచ్చు. ఎచెవేరియా, జేడ్ ఆకులతో వ్యవహారం వేరు. వాటికి అంచుల్లో ఏమీ ఉండదు, కొత్త మొక్క ఆకు మొదట్లో పుడుతుంది. అందుకే ఆకును కాండం నుంచి మొదలు చిరగకుండా, పక్కకు ఊపి తీయాలి. మొదలు తెగిందా, ఆ ఆకు ఎండిపోవడమే తప్ప మొలకెత్తేది తక్కువ.

రణపాల దగ్గరి చుట్టం ఒకటుంది, కలాంకో డైగ్రెమాంటియానా. దాని అంచుల నిండా పిలకలు మొక్కమీద ఉండగానే పుట్టి, రాలి, పక్క కుండీలన్నింటిలోనూ లేస్తాయి. 2007లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో నీలిమా సిన్హా బృందం దీని గుట్టు విప్పింది. విత్తనంలో పిండం తయారీకి వాడే జన్యువులను ఈ మొక్క ఆకు అంచుకు తెచ్చి పెట్టుకుంది. ఆ క్రమంలో వాటిలో ఒక ముఖ్యమైన జన్యువు కురచబడి, దానికి మొలకెత్తే విత్తనాలు లేకుండా పోయాయి. రణపాలలో ఆ జన్యువు నిండుగానే ఉంది, అందుకే అది అటు విత్తనాలూ ఇస్తుంది, ఇటు ఆకు తుంచితే పిలకలూ ఇస్తుంది. చోటు తక్కువున్న ఇంట్లో ఆ చుట్టాన్ని రానివ్వకపోవడమే మంచిది.

నాలుక సంగతి చెబుతానన్నాను. రోజూ పరగడుపున రెండు రణపాల ఆకులు నమిలితే కిడ్నీలో రాళ్లు కరుగుతాయని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. రణపాల చేరిన కలాంకో ప్రజాతి మొక్కల్లో బుఫాడైనోలైడ్లు అనే పదార్థాలున్నాయి, ఇవి గుండె కండరం మీద పనిచేస్తాయి. ఆస్ట్రేలియాలో దీని చుట్టాలు కలుపుగా పాకి, పూలతో ఉన్న మొక్కల్ని మేసిన పశువులు చచ్చిపోతున్నాయి. గుండె జబ్బుకు మందులు వాడేవాళ్లు, ముఖ్యంగా డిగాక్సిన్ వాడేవాళ్లు, డాక్టరుకు చెప్పకుండా దీని జోలికి పోకూడదు. పిల్లులూ కుక్కలూ ఉన్న ఇంట్లో కుండీని అందకుండా పెట్టాలి.

నిర్భయంగా తినేది ఒకటుంది. రణపాల ఆకు మీద తెల్లబారిన, బోలుగా ఉన్న మచ్చ కనబడితే వెలుతురుకు పట్టి చూడండి. పైపొరకూ కిందిపొరకూ మధ్య గొంగళిపురుగు ఒకటి నడుస్తూ, లోపలి గుజ్జు తింటూ, వెనక నల్లటి రెట్ట వదులుతూ పోతుంటుంది. అది రెడ్ పియరో సీతాకోకచిలుక పిల్ల. పెద్దదయ్యాక రెక్కల అడుగున తెలుపు నలుపు చుక్కలతో, వెనక రెక్క మీద నారింజ ఎరుపు పట్టీతో భలే ఉంటుంది. రెండు మూడు ఆకులు పోతే మొక్కకేమీ కాదు, మందు కొట్టకండి. మందు అవసరమయ్యేది ఆకు మొదళ్లలో తెల్లగా దూదిలా పట్టే పిండినల్లికి. అదైనా ముందు సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి చూడండి.

పూలు చలికాలం చివర్లో వస్తాయి, కాగితపు గొట్టాల్లాంటి రక్షకపత్రాలు వేలాడుతూ. పగళ్లు పొడుగ్గా ఉండి తర్వాత కురచబడితేనే మొగ్గ వేసే మొక్క ఇది. రాత్రంతా ట్యూబులైటు వెలిగే హాల్లో ఉంచితే పూలకోసం ఎదురుచూడటం అనవసరం. పూసి ఎండిన కొమ్మను మొదట్లో కోసేస్తే పక్కమొగ్గలు లేస్తాయి. ఇక సంక్రాంతి రోజుల్లో నర్సరీల్లో ఎర్రగా, పసుపుగా గుత్తులుగా పూసి ఉండే చిన్న కలాంకో వేరే జాతి, పోట్స్‌డామ్‌కు చెందిన రాబర్ట్ బ్లాస్‌ఫెల్డ్ 1932లో బజారుకు తెచ్చింది. దాని ఆకును ఇసుక మీద పరిచి నెలలు చూసినా అంచున పిలక రాదు. పూలు అయ్యాక నాలుగంగుళాల కొమ్మ కోసి, కోత రెండు రోజులు నీడలో ఆరనిచ్చి, పొడి ఇసుకమట్టిలో గుచ్చండి. మొదటి నీళ్లు మరో మూడు రోజుల తర్వాత.