అన్నం ఎంతసేపు ఆగుతుంది?

వాంతులు, విరేచనాలతో సొమ్మసిల్లిన బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లిని “ఏం పెట్టారమ్మా?” అని అడిగితే, “బయటిదేమీ పెట్టలేదండీ, ఇంటి అన్నమే” అంటుంది. ఆమె చెప్పేది నిజమే. ఇంటి అన్నాన్ని మించిన ఆహారం లేదు. కానీ ఆ అన్నం ఎప్పుడు వండారు, ఎంతసేపు గిన్నెలో ఉంది, బిడ్డ ఏ నీళ్లు తాగాడు అన్నవి కూడా అడగాలి. మన బెజవాడలో ఈ ప్రశ్నలకు సరైన జవాబు కాలాన్ని బట్టి మారుతుంది.

ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మాత తిరునాళ్లకు మన ఇళ్లన్నీ చుట్టాలతో నిండిపోతాయి. గుండిగలతో వంటలు. పొద్దున వార్చిన అన్నం మధ్యాహ్నం దాకా, ఒక్కోసారి రాత్రి దాకా అదే గుండిగలో ఉంటుంది. పైన చల్లారినట్టే కనిపిస్తుంది గానీ లోపల గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది. సూక్ష్మజీవులకు కావలసింది సరిగ్గా అదే వేడి. అందుకే మిగిలిన అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలోకి తీసి, పలుచగా పరిచి, త్వరగా చల్లార్చాలి. దారికి కట్టివ్వాలంటే పప్పన్నం కంటే పులిహోర మేలు. చింతపండు, నిమ్మకాయ పులుపులో క్రిములు అంత తేలికగా పెరగలేవు. ప్రయాణానికి పులిహోర కట్టుకునే మన పెద్దల అలవాటు రుచి కోసం మాత్రమే కాదు.

ఆ వెంటనే తపస్సు కాలం వస్తుంది. శుక్రవారాలు మాంసం మానిన ఇళ్లలో చేపలు వండుతారు. ఎండ ముదిరేకొద్దీ చేప త్వరగా పాడవుతుంది. మొప్పలు ఎర్రగా, కన్ను తేటగా ఉండి, వేలితో నొక్కితే కండ తిరిగి పైకి లేవాలి. కొన్నాక దారిలో ఇంకో నాలుగు పనులు పెట్టుకోకుండా ఇంటికి తీసుకెళ్లండి.

ఏప్రిల్, మే నెలల సంగతి వివరంగా చెప్పుకోవాలి. వండిన పదార్థాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచవద్దని వైద్యులు చెబుతారు. మన వేసవిలో, వంటింట్లో ఫ్యాను కూడా వేడిగాలి విసిరే రోజుల్లో, దాన్ని ఒక గంటగా లెక్కపెట్టుకోవాలి. బియ్యంలో సహజంగానే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. అన్నం గోరువెచ్చగా ఉన్నంతసేపూ మొలకెత్తి, పెరిగి, ఒక విషాన్ని తయారుచేస్తాయి. అది తిన్నవారికి కొద్ది గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. “తాలింపు పెట్టి వేయించేశాం కదా” అనే ధీమా ఇక్కడ పనికిరాదు.

మరి చద్దన్నం మాటేమిటి? తాతముత్తాతలు తిని పొలం పనులకు వెళ్లలేదా అని అడుగుతారు. సరైన ప్రశ్నే. అయితే వాళ్లు తిన్నది గిన్నెలో మరచిపోయిన అన్నం కాదు. నీళ్లు, మజ్జిగ పోసి, కడిగిన కుండలో పులియబెట్టిన అన్నం. పులిసేటప్పుడు పెరిగే మంచి సూక్ష్మజీవులు పులుపును పెంచి, చెడ్డవాటిని అణచివేస్తాయి. చద్దన్నం కావాలనుకుంటే అన్నం చల్లారగానే కాచి చల్లార్చిన నీళ్లు, కాస్త పెరుగు కలిపి మూత పెట్టండి. పొద్దున్నే తినేయండి. పదింటి దాకా టి.వి. ముందు మిగిలిపోయిన అన్నానికి అప్పుడు నీళ్లు పోస్తే అది చద్దన్నం కాదు, పాచి అన్నమే. పసిపిల్లలకు మాత్రం అప్పటికప్పుడు వండిందే పెట్టండి. ఫ్రిజ్ ఉన్నవారు చల్లార్చి గంటలోపు అందులో పెట్టి, మర్నాడు ఒక్కసారే పొగలు వచ్చేలా వేడిచేసుకోవచ్చు.

నున్న మార్కెట్ నిండా మామిడి దిగే కాలం కూడా ఇదే. కార్బైడ్‌తో కాయలు మగ్గబెట్టడం చట్టరీత్యా నిషేధం. పైన ఒకే తీరుగా పసుపు, కోస్తే లోపల పులుపు, గట్టిదనం ఉంటే అనుమానించాలి. గడ్డిలో మగ్గబెట్టుకునే ఓపిక ఉంటే పచ్చి కాయలు కొనుక్కోవడం ఉత్తమం.

వానాకాలంలో భయం అన్నం నుంచి నీళ్ల మీదికి మారుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద సాగింది. ఇళ్లలోని సంపులు, బియ్యం బస్తాలు, పచ్చడి జాడీలు అన్నీ మురుగులో మునిగాయి. బస్తాను ఎండబెట్టి వాడుకుందామని మనసు లాగుతుంది. నెల సరుకు పారేయడం పేద ఇంటికి చిన్న మాటేమీ కాదు. కానీ వరదనీరు తాకిన బియ్యం, పిండి, పచ్చడి ఇక తిండి కాదు. వరదే రానక్కరలేదు. 2024 మే నెలాఖరులో మొగల్రాజపురంలో, 2025 సెప్టెంబరులో న్యూ రాజరాజేశ్వరీపేటలో విరేచనాలు ప్రబలి ఎందరో ఆసుపత్రుల పాలయ్యారు. కుళాయి నీళ్ల రంగు, వాసన మారినా, వీధిలో ఇద్దరు ముగ్గురికి విరేచనాలైనా వెంటనే నీళ్లు కాచి తాగడం మొదలుపెట్టండి. ఇరవై నిమిషాలు మరిగించి గ్యాసు వృథా చేయనక్కరలేదు. తెరలు తెరలుగా ఒక్క నిమిషం మరిగితే చాలు. కాచిన గిన్నెలోనే మూత పెట్టి చల్లార్చి, కాడ ఉన్న గరిటెతో తీసుకోవాలి. గ్లాసుతో పాటు చెయ్యి కూడా ముంచితే కాచిన శ్రమంతా వృథా.

చలికాలం కాస్త నయం. సంక్రాంతికి అరిసెలు వండిన నూనెను నల్లబడేదాకా తిరిగి తిరిగి వాడకండి. బూజు పట్టిన వేరుశనగ గింజలను వేయించినా వాటిలోని విషం పోదు, పారేయండి.

ఏ కాలంలోనైనా బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే ముందు పోసేది ఓ.ఆర్.ఎస్. పెద్ద ప్యాకెట్టును లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు నీళ్లకు ఆరు టీ స్పూన్ల పంచదార, అర టీ స్పూను ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి వేయండి. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. పేరులో ఓ.ఆర్.ఎస్. అని పెట్టుకున్న తియ్యటి పానీయాల మీద హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడగా, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడరాదని ఆదేశించింది. పంచదార ఎక్కువైన పానీయాలతో విరేచనాలు ఇంకా పెరుగుతాయి. తల్లిపాలు ఆపకండి. జింకు మందు డాక్టరు చెప్పినన్ని రోజులూ వేయండి. కళ్లు లోపలికి పోయినా, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోయినా, మలంలో రక్తం కనిపించినా, బిడ్డ మగతగా ఉన్నా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకురండి, తెల్లవారనివ్వకండి.