మాట జారితే... షేరు జారుతుంది!

'కాలు జారితే తీసుకోవచ్చు కానీ నోరు జారితే తీసుకోలేం' అంటారు పెద్దలు. ఆ సంగతి బ్రిటన్ నగల వ్యాపారి గెరాల్డ్ రాట్నర్‌కి తెలిసినంతగా మరొకరికి తెలియదేమో! 1991 ఏప్రిల్‌లో లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్లో ప్రసంగిస్తూ, తమ సరుకు అంత చవగ్గా ఎలా ఇస్తున్నామో సరదాగా చెప్పబోయి... అది చెత్త కాబట్టేనని అనేశారాయన. తాము అమ్మే ఓ రకం చెవిపోగులు రొయ్యల శాండ్‌విచ్ కన్నా చవకేననీ, కాకపోతే అన్నాళ్లు మన్నకపోవచ్చనీ మరో జోకు వేశారు. సభ నవ్వింది. పత్రికలు మాత్రం ఏకిపారేశాయి. కొనేవాళ్లు మొహం చాటేశారు. కంపెనీ విలువలో దాదాపు 50 కోట్ల పౌండ్లు ఆవిరయ్యాయి. 1992లో ఆయన కుర్చీ పోయింది. 1993లో కంపెనీ పేరే మారిపోయింది.

లాభనష్టాల లెక్కలు కాగితం మీద ఉంటాయిగా, మరి మాటలతో పనేంటి? లెక్కలు చెప్పేది గడిచిన మూణ్నెల్ల కథ. రాబోయే రోజుల మీద సంస్థ పెద్దలకు ఎంత నమ్మకముందో తెలిసేది వాళ్ల మాటల్లోనే. అందుకే ఫలితాల తర్వాత జరిగే ఫోన్ సమావేశాల్లో ప్రసంగం కన్నా ప్రశ్నలకిచ్చే జవాబుల మీదే మదుపరుల చెవి ఉంటుంది.

2018 మే నెలలో అలాంటి సమావేశంలోనే, పెట్టుబడి అవసరాల గురించి అడిగిన విశ్లేషకుణ్ని టెస్లా అధిపతి ఎలాన్ మస్క్ కసురుకున్నారు. మర్నాడు షేరు 5 శాతానికి పైగా పడింది. ఆగస్టు సమావేశంలో ఆయనే క్షమాపణ చెప్పారు. మర్నాడు 16 శాతం పెరిగింది! ఫలితాలు ఊరటనివ్వడమూ అందుకు తోడైందనుకోండి.

అలాగని మంచిమాటలకే పడిపోతే ఎలా? 2008 డిసెంబరు 16న హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్, యాజమాన్య కుటుంబానికి చెందిన రెండు మేటాస్ సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొంటామంది. ఫోన్ సమావేశంలో ఎంత సర్దిచెప్పినా మదుపరులు ఊరుకోలేదు, నిలదీశారు. గంటల్లోనే ప్రతిపాదన వెనక్కి పోయింది. మూడు వారాలకే, 2009 జనవరి 7న, ఏళ్ల తరబడి చూపించిన లెక్కలే అబద్ధమని రామలింగరాజు ఒప్పుకున్నారు.

ఒకప్పుడు ఈ సంభాషణలు పెద్ద మదుపరులకే వినిపించేవి. లిస్టెడ్ కంపెనీలు వాటి రికార్డింగులను వెబ్‌సైట్లో పెట్టాలని సెబీ 2022 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేసింది. షేరు కొనేముందు ఓసారి వినండి. సూటి ప్రశ్నకు సూటి జవాబు వచ్చిందా? లేక విసుగో, దాటవేతో వినిపించిందా? ఆ తర్వాత లెక్కల పుస్తకం తెరవండి. రెండూ ఒకటే చెబుతుంటే... అప్పుడు ఆలోచించొచ్చు!