నిరంతర వైద్య సంరక్షణ అవసరమైన పిల్లలకు కుటుంబ సంరక్షకులు

కుటుంబ సంరక్షకులు అనగా, నిరంతరం వైద్య సంరక్షణ అవసరమైన పిల్లలను ఇంటివద్దనే చూసుకొనుటకు తగిన శిక్షణ పొందిన తల్లి, తండ్రి, అవ్వ, తాత, పిన్నమ్మ, అక్క వంటి దగ్గరి బంధువులు. కొన్ని దేశాలలో ఇట్టి బంధువులను శిక్షణానంతరం ఉద్యోగులుగా నమోదు చేసి వేతనం చెల్లించు పద్ధతి ఉన్నది. భారతదేశంలో శిక్షణ కొంతవరకు ఆసుపత్రులలో జరుగుచున్నది. వేతనము లేదా భృతి విషయంలో మాత్రం చట్టంలో ఆధారం ఉన్నా ఆచరణ కొన్ని రాష్ట్రాలకే పరిమితమైనది. ఈ వ్యాసం తిరుపతి జిల్లాలోని పాకాల ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ పద్ధతిని వివరిస్తుంది.

ఏ పిల్లలకు అవసరం

ప్రాణాధార పరికరాల మీద గాని, గంటగంటకు జరగవలసిన వైద్య సేవ మీద గాని ఆధారపడిన పిల్లలను ఈ వర్గంలో చేర్చుతారు. సాధారణంగా కనిపించే కొన్ని స్థితులు ఇవి:

* ముక్కు గొట్టం ద్వారా గాని, పొట్టకు అమర్చిన గొట్టం ద్వారా గాని ఆహారం తీసుకొనే పిల్లలు
* గొంతువద్ద శ్వాసనాళానికి రంధ్రం చేసి గొట్టం అమర్చిన పిల్లలు
* ఇంట్లో ఆక్సిజన్ లేదా వెంటిలేటర్ అవసరమైన పిల్లలు
* మందులకు పూర్తిగా లొంగని మూర్ఛలు, తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీ, కండరాల క్షీణత ఉన్న పిల్లలు
* నెలలు నిండకుండా తక్కువ బరువుతో పుట్టిన శిశువులు, గుండె శస్త్రచికిత్స జరిగి ఇంటికి వచ్చిన శిశువులు

వీరిలో కొందరికి కొన్ని వారాలపాటు మాత్రమే విశేష సంరక్షణ కావాలి. కొందరికి జీవితాంతం కావాలి.

కుటుంబమే ఎందుకు

ఆసుపత్రిలో ఈ పనులను నర్సులు చేస్తారు. ఇంటికి వచ్చిన తరువాత అదే పని రాత్రింబవళ్ళు కొనసాగవలసి ఉన్నది. గొంతు గొట్టంలో కఫం అడ్డుపడితే బిడ్డకు ఊపిరి ఆడే వ్యవధి నిమిషాలలోనే ఉంటుంది. అంబులెన్సు వచ్చేలోపు పక్కన ఉన్నవారికి కఫం తీయడం వచ్చి ఉండాలి. అందువలన శిక్షణ కుటుంబానికి అదనపు సౌకర్యం కాదు, బిడ్డ ప్రాణానికి సంబంధించిన అవసరం.

రెండవ కారణం ఆర్థికమైనది. పెద్ద నగరాలలో ఇంటికి వచ్చే నర్సులను సరఫరా చేసే సంస్థలు ఉన్నాయి. పల్లెలలో అట్టి సేవ దొరకడం కష్టం, దొరికినా కూలి కుటుంబం భరించలేదు. కాబట్టి తల్లి కూలి మానుకొని ఇంటనే ఉంటుంది. ఒకవైపు ఖర్చు పెరుగుతుంది, మరొకవైపు ఒకరి సంపాదన పూర్తిగా ఆగిపోతుంది. కుటుంబ సంరక్షకులకు వేతనం ఇవ్వవలెనన్న వాదానికి మూలం ఇదే.

శిక్షణలో నేర్పే అంశాలు

శిక్షణ బిడ్డ స్థితిని బట్టి మారుతుంది. సాధారణంగా ఈ క్రింది విషయాలు ఉంటాయి:

* చేతులు కడుగుకొను పద్ధతి, పరికరాల శుభ్రత.
* గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడం. పోయుటకు ముందు గొట్టం సరియైన స్థానంలో ఉన్నదో లేదో చూడవలెను. బిడ్డ తలవైపు ఎత్తుగా ఉంచవలెను. జావ వంటి ద్రవాహారాన్ని వడకట్టనిచో గొట్టం పూడుకుపోతుంది.
* చప్పరించలేని శిశువుకు తల్లిపాలను పిండి ఉగ్గుగిన్నెతో పట్టడం, బిడ్డను రొమ్ముకు ఆనించి వెచ్చగా ఉంచే కంగారూ పద్ధతి.
* కఫం తీసే యంత్రం వాడకం, అదనపు గొంతు గొట్టాన్ని ఎల్లప్పుడూ అందుబాటులో ఉంచుకొనుట.
* మూర్ఛ వచ్చినపుడు బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఎంతసేపు ఉన్నదో గడియారంలో చూడడం. చేతిలో ఇనుప తాళాలు పెట్టడం వలన మూర్ఛ ఆగదు. నోటిలో చెంచా, గుడ్డ వంటివి పెట్టడం ప్రమాదకరం.
* మందును మిల్లీలీటర్లలో కొలవడం, వేసిన సమయాన్ని వ్రాసిపెట్టుకోవడం.
* మంచానికే పరిమితమైన బిడ్డను తరచుగా పక్కలు మార్చి పుండ్లు పడకుండా చూడడం.
* ప్రమాద సూచనలను గుర్తించి 108కు ఫోను చేయడం. ఈ అంబులెన్సు సేవ ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న ప్రారంభమైనది.

చూసి నేర్చుకోవడం మాత్రమే చాలదు. నర్సు ఎదుట తానే స్వయంగా చేసి చూపించిన తరువాతనే బిడ్డను ఇంటికి పంపడం మంచి పద్ధతిగా భావించబడుతుంది. ఇంట్లో కనీసం ఇద్దరు నేర్చుకొని ఉండుట అవసరం. ఒక్కరికే వచ్చి, ఆ ఒక్కరు జ్వరంతో పడుకుంటే బిడ్డకు ఆధారం ఉండదు.

పాకాల ప్రాంతంలో

పాకాల ఒక మండల కేంద్రం, రైల్వే జంక్షన్. 2022 ఏప్రిల్ వరకు చిత్తూరు జిల్లాలో ఉండి, జిల్లాల పునర్విభజనతో తిరుపతి జిల్లాలో చేరినది. గూడూరు - కాట్పాడి మార్గంలో ఉన్నందున ఒకవైపు తిరుపతి, మరొకవైపు వేలూరు ఈ ప్రాంత ప్రజలకు రైలులో చేరుకొనదగిన వైద్య కేంద్రాలు. 104 కిలోమీటర్ల తిరుపతి - పాకాల - కాట్పాడి మార్గాన్ని 1,332 కోట్ల రూపాయల అంచనాతో రెండు వరుసలు చేయుటకు 2025 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపినది.

తిరుపతిలో రుయా ప్రభుత్వ ఆసుపత్రి, 1993లో సేవలు ప్రారంభించిన స్విమ్స్, తిరుమల తిరుపతి దేవస్థానముల ఆధ్వర్యంలోని బర్డ్ ఆసుపత్రి ఉన్నాయి. బర్డ్ ప్రాంగణంలో 2021 అక్టోబరులో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ప్రారంభమైనది. పుట్టుకతో గుండె జబ్బు ఉన్న శిశువులకు పూర్వం దూర నగరాలలో జరిగే శస్త్రచికిత్సలు ఇప్పుడు దగ్గరలోనే జరుగుచున్నాయి. దీనివలన శస్త్రచికిత్సానంతర సంరక్షణ బాధ్యత కూడా ఈ ప్రాంతపు ఇళ్ళకే వచ్చినది.

వేలూరులో ఐడా స్కడర్ 1900లో నెలకొల్పిన క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రికి చిత్తూరు, తిరుపతి జిల్లాల నుండి రోగులు వెళ్ళడం చిరకాలంగా ఉన్నది. బంధువులను చికిత్సలో భాగస్వాములను చేయడం ఆ సంస్థలో పాత సంప్రదాయం. అక్కడి మానసిక వైద్య విభాగానికి చెందిన నంబిక్కై నిలయంలో మానసిక ఎదుగుదల లోపం ఉన్న బిడ్డతోపాటు తల్లి లేదా తండ్రి కొన్ని వారాలు అక్కడే ఉండి శిక్షణ పొందుతారు. ఈ పద్ధతిలో తల్లి సహ చికిత్సకురాలు. అయితే ఆ వారాలకు ఆమె కోల్పోయే కూలిని భర్తీ చేసే ఏర్పాటు లేదు.

భారతీయ చట్టాలు, పథకాలు

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమలులోనికి వచ్చినది. ఈ చట్టం సెక్షన్ 2 ప్రకారం సంరక్షకుడు అనగా తల్లిదండ్రులు, ఇతర కుటుంబ సభ్యులతో సహా, వేతనం తీసుకొని గాని తీసుకొనక గాని వికలాంగునికి సేవ చేయు ఏ వ్యక్తి అయినా. సెక్షన్ 24 అధిక సహాయం అవసరమైన వికలాంగులకు సంరక్షక భృతిని పేర్కొంటున్నది. ఆ అవసరాన్ని నిర్ధారించే విధానం సెక్షన్ 38లో ఉన్నది. కాని సెక్షన్ 24 క్రింది పథకాలు ప్రభుత్వ ఆర్థిక శక్తికి లోబడి ఉండునని అదే సెక్షన్ చెబుతున్నది. ఈ చట్టం వైకల్యాన్ని ఆధారం చేసుకొన్నది. అందువలన చట్టంలోని 21 వైకల్యాలలో చేరని జబ్బు ఉన్న బిడ్డ, ఉదాహరణకు గుండె జబ్బుతో ఇంట్లో ఆక్సిజన్ మీద ఉన్న శిశువు, దీని పరిధికి బయట మిగిలిపోవచ్చును.

1999 నాటి చట్టంతో ఏర్పడిన నేషనల్ ట్రస్ట్ ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మానసిక వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కొరకు పనిచేస్తుంది. సంరక్షకుల శిక్షణకు సహయోగి అను పథకాన్ని, లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమాకు నిరామయ అను పథకాన్ని ఈ సంస్థ రూపొందించినది. సికింద్రాబాదులో 1984లో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ (ప్రస్తుత దివ్యాంగజన మేధోవైకల్య సాధికారత జాతీయ సంస్థ) కూడా తల్లిదండ్రులకు శిక్షణనిస్తుంది. నవజాత శిశువుల వార్డులలో కుటుంబ భాగస్వామ్య సంరక్షణకు కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2017లో మార్గదర్శకాలు విడుదల చేసినది.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై 1 నుండి ఎన్టీఆర్ భరోసా క్రింద వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలకు, పక్షవాతంతో మంచానికి లేదా చక్రాల కుర్చీకి పరిమితమైనవారి పింఛను, తీవ్ర కండరాల క్షీణత ఉన్నవారి పింఛను 15,000 రూపాయలకు పెరిగినవి. ఇవి రోగి పేరున వచ్చే మొత్తాలు. సంరక్షకురాలి శ్రమకు వేతనం కావు.

కేరళ ప్రభుత్వం మంచాన పడినవారిని చూసుకొనుటకు పని మానుకొన్నవారి కొరకు 2010లో ఆశ్వాసకిరణం పథకాన్ని ప్రారంభించినది. దీని సహాయం తరువాత నెలకు 600 రూపాయలకు పెరిగినది. మొత్తం చిన్నదైనా సంరక్షకురాలి పేరున ఇవ్వడం ఇందులో ప్రత్యేకత.

కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు, ఒంటరి తండ్రులకు సర్వీసు మొత్తంలో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉన్నది. మొదటి 365 రోజులకు పూర్తి జీతం, తరువాతి 365 రోజులకు 80 శాతం జీతం లభిస్తుంది. వికలాంగులైన పిల్లల విషయంలో వయోపరిమితి లేదు. రైల్వే ఊరైన పాకాలలో దీని అర్థం స్పష్టం. రైల్వేలో పనిచేసే తల్లికి బిడ్డను చూసుకొన్న రోజులకు జీతం ఉన్నది. పక్క వీధిలో అదే జబ్బు ఉన్న బిడ్డను చూసుకొనే వ్యవసాయ కూలీ తల్లికి లేదు.

అమెరికాలో

అమెరికాలో ఈ విషయం కేటీ బెకెట్ అను బాలికతో దేశవ్యాప్త చర్చకు వచ్చినది. ఐయోవా రాష్ట్రంలో 1978లో పుట్టిన ఈమె మెదడువాపు వలన వెంటిలేటర్ మీద ఆధారపడినది. ఆసుపత్రిలో ఉంటే మెడికెయిడ్ ఖర్చు భరించేది, ఇంటికి వెళితే భరించేది కాదు. 1981 నవంబరులో అధ్యక్షుడు రీగన్ ఈ ఉదంతాన్ని ప్రస్తావించాడు. 1982లో చట్టం మారి, ఇంటివద్ద సంరక్షణకు కూడా రాష్ట్రాలు చెల్లించుటకు వీలు కలిగినది. కేటీ 2012లో మరణించినది.

తరువాతి దశ తల్లిదండ్రులకే వేతనం. కొలరాడోలో తల్లిదండ్రులు నర్సు సహాయకుల శిక్షణ పొంది సంస్థల ద్వారా వేతనం పొందే పద్ధతి ఉన్నది. అరిజోనా 2021లో, ఫ్లోరిడా 2023లో ఇందుకై ప్రత్యేక చట్టాలు చేశాయి. ఈ పద్ధతులలో శిక్షణ, నర్సు పర్యవేక్షణ తప్పనిసరి.

వాదోపవాదాలు

వేతనాన్ని సమర్థించేవారి వాదన ప్రకారం, నర్సు చేస్తే పనిగా లెక్కించే సేవను తల్లి చేసినపుడు కేవలం ప్రేమగా లెక్కించడం న్యాయం కాదు. బిడ్డ ఇంట ఉండడం వలన ఆసుపత్రి పడక కూడా మరొకరికి మిగులుతుంది.

అభ్యంతరాలు కూడా ఉన్నాయి. చేసిన గంటలను ఎవరు లెక్కించాలి, నాణ్యతను ఎవరు చూడాలి అన్నది ఒకటి. వేతనం ఇచ్చారు గనుక నర్సుల నియామకాన్ని ప్రభుత్వం పక్కన పెట్టవచ్చునన్నది రెండవది. సంరక్షణ భారం శాశ్వతంగా స్త్రీల మీదనే నిలిచిపోవచ్చునన్నది మూడవది. వీటితోపాటు మరొక కఠినమైన సమస్య ఉన్నది. బిడ్డ కోలుకొన్నా, మరణించినా ఆ ఉద్యోగం ఆగిపోతుంది. కొన్ని సంవత్సరాలు ఇంటికే పరిమితమైన తల్లి అప్పుడు వేరే పని వెతుకుకోవాలి. శిక్షణకు గుర్తింపు పత్రం ఉంటే ఆ అనుభవంతో ఆసుపత్రిలో గాని, ఇతర రోగుల ఇళ్ళలో గాని సహాయకురాలిగా పనిచేయవచ్చును. అందువలన శిక్షణ, వేతనం, గుర్తింపు పత్రం ఈ మూడూ కలిసి ఉన్నపుడే పద్ధతి సంపూర్ణం అవుతుంది.

ఇవి కూడా చూడండి

* పాకాల
* తిరుపతి జిల్లా
* స్విమ్స్
* క్రైస్తవ వైద్య కళాశాల, వేలూరు
* సెరిబ్రల్ పాల్సీ
* 108 అంబులెన్సు సేవ