చాలు తప్పని యంత్రం: చోదకుడు లేని ట్రాక్టర్ జీవితకథ

ట్రాక్టర్ మీద కూర్చున్న మనిషి చేసే పనిని విడదీసి పరిశీలిస్తే అందులో చూడడం, నిర్ణయించడం, ఆ నిర్ణయాన్ని కాళ్లూ చేతులతో అమలు చేయడం అనే మూడు భాగాలు కనిపిస్తాయి. చోదకుడు లేని వాహనాల చరిత్ర అంటే ఈ మూడు భాగాలు ఒక్కొక్కటిగా మనిషి నుంచి యంత్రానికి బదిలీ అయిన చరిత్రే. ఆ బదిలీ కారు కంటే ముందు ట్రాక్టర్‌లో మొదలుకావడానికి కారణం కూడా స్పష్టమే: రహదారి మీద ఎదురొచ్చే వాహనాలు, పాదచారులు, కూడలి దీపాలు పొలంలో ఉండవు, పైగా దుక్కి దున్నే యంత్రం గంటకు కొద్ది కిలోమీటర్ల వేగాన్ని మించదు. వరంగల్‌లోని కాకతీయ సాంకేతిక, విజ్ఞాన సంస్థ (కిట్స్) అధ్యాపకులు రూపొందించిన చోదకరహిత ట్రాక్టర్‌ను ఈ సుదీర్ఘ చరిత్రలో భాగంగా చూసినప్పుడే దాని విలువ సరిగా తెలుస్తుంది.

తొలి ప్రయత్నాల్లో చూపు, నిర్ణయం అనే మాటలకే తావు లేదు. 1940లో అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రానికి చెందిన ఫ్రాంక్ ఆండ్రూ పొలం నడుమ ఒక పీపాను స్థిరంగా నిలిపి, దానికి చుట్టుకునే తీగతో ట్రాక్టర్‌ను కట్టాడు. గానుగ చుట్టూ తిరిగే ఎద్దులాగా ట్రాక్టర్ ఆ పీపా చుట్టూ తిరుగుతుంటే, తీగ చుట్టుకున్నకొద్దీ దాని పొడవు తగ్గి, ప్రతి చుట్టులోనూ యంత్రం కొంత లోపలికి జరుగుతూ వలయాకారంలో దున్నుకుంటూ పోయేది. ఆ తరువాతి దశాబ్దంలో భూమిలో పాతిన విద్యుత్ తీగ వెలువరించే సంకేతాన్ని పసిగడుతూ నడిచే ట్రాక్టర్లు వచ్చాయి గాని, ప్రతి పొలంలో తీగలు పాతడం సాధ్యం కాదు కనుక అవి ప్రయోగాల స్థాయిలోనే ఆగిపోయాయి.

యంత్రానికి చూపునిచ్చే ప్రయత్నం కంప్యూటర్లతో ఊపందుకుంది. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి వ్యవస్థాపక సంచాలకుడుగా 1979లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఏర్పడిన రోబోటిక్స్ సంస్థ ఈ కథలో ఒక ప్రధాన మలుపు. ఆ సంస్థలో రూపొందిన నావ్‌ల్యాబ్ 5 అనే వాహనం 1995లో పిట్స్‌బర్గ్ నుంచి శాన్ డియేగో వరకు చేసిన ప్రయాణంలో 98 శాతానికి పైగా దూరం స్టీరింగ్‌ను తానే తిప్పుకుంది. అయితే వేగాన్ని, బ్రేకును మనుషులే చూసుకున్నారు. అదే సంస్థ రూపొందించిన డిమీటర్ అనే కోత యంత్రం, కోసిన పైరుకూ కోయని పైరుకూ మధ్య ఉన్న గీతను కెమెరాతో గుర్తిస్తూ, 1997లో 100 ఎకరాల పచ్చిమేతను కోసింది. కారుకూ వ్యవసాయ యంత్రానికీ వేర్వేరు శాస్త్రాలు లేవని ఈ రెండు ప్రయోగాలూ చెబుతున్నాయి.

చూపుతోపాటు యంత్రానికి తానెక్కడున్నదీ తెలియాలి. జీపీఎస్ ఉపగ్రహాలు పంపే సంకేతం చేరడానికి పట్టిన కాలాన్నిబట్టి వాటి నుంచి ఉన్న దూరాన్ని, ఆ దూరాలనుబట్టి స్థానాన్ని లెక్కకట్టవచ్చు గాని, సాధారణ పరికరంలో ఈ లెక్క కొన్ని మీటర్ల మేర తప్పుతుంది. సాళ్ల మధ్య మూడడుగుల దూరం ఉంచే పత్తి చేనులో మూడు మీటర్ల తప్పు అంటే యంత్రం మూడు సాళ్లు దాటిపోయినట్లే. అందుకని ముందే కచ్చితంగా కొలిచిపెట్టిన ఒక స్థిరస్థానంలో మరొక గ్రాహకాన్ని నిలిపి, అక్కడ కనబడిన తప్పును రేడియో ద్వారా ట్రాక్టర్‌కు ఎప్పటికప్పుడు తెలియజేసే పద్ధతి ఏర్పడింది. 1990ల మధ్యలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ పద్ధతితో ట్రాక్టర్‌ను కొన్ని సెంటీమీటర్ల తేడాలోపే సరళరేఖలో నడిపించారు. 2022 జనవరిలో జాన్ డీర్ సంస్థ ప్రదర్శించిన ట్రాక్టర్‌లో ఈ స్థాననిర్ణయానికి తోడు, రెండేసి కెమెరాలతో లోతును అంచనా వేసే ఆరు జతల కళ్లు కూడా చేరాయి.

ఈ యంత్రాలు సాధారణంగా వందల ఎకరాల కమతాల కోసం పుట్టినవి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక్క హెక్టారు, అంటే సుమారు రెండున్నర ఎకరాలు. అందువల్ల 1980లో స్థాపితమైన కిట్స్‌లోని అధ్యాపకులు కేంద్ర విజ్ఞాన సాంకేతిక శాఖ మంజూరు చేసిన 41 లక్షల రూపాయలతో చేపట్టిన పని వేరే దారి పట్టింది. వారు కొత్త ట్రాక్టర్‌ను నిర్మించలేదు. ఉన్న ట్రాక్టర్‌కే, విద్యుత్ సంకేతాన్ని కదలికగా మార్చే యాక్చుయేటర్ అనే సాధనాలను అమర్చి, చోదకుడి కాళ్లూ చేతులూ చేసే పనిని వాటికి అప్పగించారు. రైతు దూరంగా నిలబడి ఫోన్‌లోని ఆండ్రాయిడ్ యాప్ ద్వారా దాన్ని నడపవచ్చు; ఉష్ణోగ్రతను, నేలలోని తేమను కొలిచే సెన్సార్లు కూడా ఈ పథకంలో భాగమే.

మొదట చెప్పిన మూడు భాగాల కొలమానంతో చూస్తే, ఈ ట్రాక్టర్‌లో మూడోదైన అమలు యంత్రానికి చేరింది. చూపు, నిర్ణయం ఇంకా రైతు దగ్గరే ఉన్నాయి. దీన్ని లోపంగా భావించడం సరికాదు. కంప్యూటర్ ఎంత తెలివిగా ఆలోచించినా, దాని ఆజ్ఞను పాటించే క్లచ్, బ్రేకు, స్టీరింగ్ లేకపోతే వాహనం అంగుళమైనా కదలదు. పైగా గంటల తరబడి కుదుపులు భరించే నడుముకూ, దమ్ము చేసేటప్పుడు బురదలో ట్రాక్టర్ తిరగబడితే ప్రాణానికీ ఉన్న ముప్పు, మనిషి సీటు దిగిన క్షణానే తప్పిపోతుంది.

మిగిలిన రెండు భాగాలను వరంగల్ పొలాలకు తగినట్లు సాధించడమే ఇకముందున్న పని. ఇక్కడి యంత్రం చెలకనేలలో పట్టు జారకుండా, రేగడిలో దిగబడకుండా నడవాలి. ఇరుకు గట్ల దగ్గర తిరగాలి. చేను మధ్య ఒరలేని వ్యవసాయ బావిని, గట్టు మీద మేస్తున్న గొర్రెను, చెట్టు నీడలో పడుకున్న పసిబిడ్డను గుర్తించి ఆగాలి. అమెరికా పొలాల చిత్రాలతో శిక్షణ పొందిన కంప్యూటర్‌కు ఈ దృశ్యాలు తెలియవు కాబట్టి వాటిని ఇక్కడి పొలాల్లోనే సేకరించవలసి ఉంటుంది. అలా తయారైన పరికరం ప్రతి రైతూ కొనగలిగేది కాకపోయినా, ఊరి ట్రాక్టర్‌కు బిగించి కిరాయికి ఇవ్వగలిగేది కావాలి. చోదకుడు లేని యంత్రానికి అసలైన పరీక్ష ప్రదర్శనశాలలో కాదు, రెండున్నర ఎకరాల చెలకలోనే జరుగుతుంది.