వివక్షను ప్రశ్నించే పుస్తకాలు: పిల్లలకేవి? పెద్దలకేవి?

స్త్రీ పురుష వివక్షను ఎదుర్కొనే పుస్తకాలనగానే మనకు గుర్తొచ్చేవి పెద్దల కోసం రాసినవే. తెలుగులో వాటికి లోటు లేదు. అవే ప్రశ్నలతో పిల్లల చేతికివ్వడానికి ఏమున్నాయని అడిగితే మాత్రం తడుముకుంటాం. ఈ తేడా వల్ల జరుగుతున్న నష్టమేమిటో, రచయితలుగా మనం చేయవలసిందేమిటో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక సాయంత్రం నిమ్మనపల్లెలో ఒక ఇంటి అరుగు మీద ఏడెనిమిది మంది పిల్లలకు గోగు శ్యామల రాసిన తాటకి కథ చదివి వినిపించాను. 'అన్వేషి' సంస్థ 2008లో తెచ్చిన పిల్లల పుస్తకాల వరుసలో వచ్చిన కథ అది. పొలం పని చేసే దళిత బాలిక, మీదికొచ్చిన మగవాణ్ణి ఎదిరించి గెలుస్తుంది. కథ సగంలో ఉండగా లోపలినుంచి కేక వినిపించింది: "నీళ్ళొచ్చినాయి, బిందె తీసుకోని రా మే!" ఆడపిల్లలిద్దరు లేచి వెళ్ళారు. మగపిల్లలు కదల్లేదు. నేనూ చదవడం ఆపలేదు. ఆడపిల్ల గెలిచే కథను మగపిల్లలే చివరిదాకా విన్నారు. బిందె దించి వచ్చిన పిల్ల, "గెలిచిందా సార్?" అని అడిగింది.

ఆ ప్రశ్న నన్ను గుచ్చింది. చిన్నప్పుడు నేను చందమామ చదువుకుంటూ కూర్చుంటే మా అక్క ఇలాగే బిందె మోసేది. అది వివక్ష అని నాకు తోచడానికి నలభై ఏళ్ళు రావాల్సి వచ్చింది, పెద్దల పుస్తకాలెన్నో చదవాల్సి వచ్చింది. అప్పటికి అక్క చదువు ఆగిపోయి చాలాకాలమయింది. పెద్దల పుస్తకం ఎంత గొప్పదైనా, జరిగిపోయిన దానిని అర్థం చేయించగలదేగాని వెనక్కి తిప్పలేదు. పిల్లల పుస్తకానికి ఉన్న అవకాశం అదే. అది సమయానికి చేరగలదు.

ఈ ప్రాంతానికి ఈ చర్చ కొత్తేమీ కాదు. ఐర్లండుకు చెందిన మార్గరెట్ కజిన్స్ స్త్రీల ఓటుహక్కు పోరాటంలో జైలుకు వెళ్ళిన మనిషి. భర్త జేమ్స్ కజిన్స్ మదనపల్లె దివ్యజ్ఞాన సమాజ కళాశాలలో పనిచేస్తుండగా, 1916లో ఆమె అక్కడి స్త్రీలతో ఒక సంఘం పెట్టింది. దాని పేరు 'అబలాభివర్ధినీ సమాజం'. మరుసటి సంవత్సరం మద్రాసులో ఏర్పడిన భారత మహిళా సంఘంలోనూ, 1917 డిసెంబరులో మాంటేగును కలిసి ఓటుహక్కు అడిగిన మహిళల ప్రతినిధివర్గం వెనుకా ఆమె కృషి ఉంది. ఓటు అడగబోయే స్త్రీలు సైతం సంఘం పేరులో తమను అబలలనే చెప్పుకోవాల్సి వచ్చింది! అంతకుముందే, 1901లో భండారు అచ్చమాంబ ప్రతిభావంతులైన స్త్రీల జీవితాలను గ్రంథస్థం చేస్తూ దానికి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అని పేరు పెట్టింది. లోపలి జీవితాలు అట్ట మీది మాటను ఖండిస్తున్నాయి. భావజాలం భాషలో ఎంత లోతుగా పాతుకుంటుందో చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు. ఆ భాషను మనిషి నేర్చుకునేది బాల్యంలోనే.

అచ్చమాంబ తర్వాత పెద్దల సాహిత్యం చాలా దూరం నడిచింది. చలం 'స్త్రీ' రాశాడు. ఆయనే 'బిడ్డల శిక్షణ' కూడా రాశాడు. ఇంట్లో స్త్రీ మీద, బిడ్డ మీద నడిచే అధికారం ఒకటేనని గుర్తించిన చూపు అది. మనం మొదటి పుస్తకం గురించి వాదించుకున్నంతగా రెండోదాన్ని పట్టించుకోలేదు. రంగనాయకమ్మ 'జానకి విముక్తి'లో స్త్రీ విముక్తిని సమాజ నిర్మాణంతో ముడిపెట్టింది. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' ద్వారా తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల గొంతులను వినిపించింది. ఓల్గా 'రాజకీయ కథలు' స్త్రీ శరీరం మీద నడిచే పెత్తనాన్ని రాజకీయంగా నిలబెట్టాయి. ఇవన్నీ ఎదిగిన పాఠకులకు చేరిన పుస్తకాలు.

మరి పిల్లలకు ఏమిచ్చాం? ఎక్కువగా ఝాన్సీరాణిని, రుద్రమదేవిని ఇచ్చాం. వాళ్ళ ధైర్యాన్ని ఎవరు కాదంటారు? కాని బిందె మోసే పిల్లకు గుర్రమెక్కిన రాణి తన బతుకులోని మనిషిగా తోచదు. పైగా ధైర్యం లేకపోవడమే ఆడపిల్ల సమస్య అన్న తప్పు అభిప్రాయం కలుగుతుంది. అరుగు మీద నుంచి లేచి వెళ్ళిన పిల్లల్లో లోపించింది ధైర్యం కాదు, తీరిక. ఆ తీరికను అనుభవిస్తున్నది పక్కన కూర్చున్న తమ్ముడు.

కాబట్టి ఇటువంటి పుస్తకం ఆడపిల్లల కోసం మాత్రమే అనుకోవడం పొరపాటు. మగపిల్లవాడు తన సౌకర్యాన్ని ఎవరి శ్రమ మోస్తున్నదో చూడగలగాలి. 2024లో కేరళ ప్రభుత్వం మూడో తరగతి పాఠ్యపుస్తకంలో తండ్రి వంటింట్లో కొబ్బరి తురుముతున్న బొమ్మ వేయించింది. మంచి పనే. అయితే బొమ్మ మారడంతో పని ముగియదు. బొమ్మలో ఉన్న వంట ఇంట్లో ఎవరు చేస్తున్నారు, ఎందుకు అన్న ప్రశ్న కూడా పుట్టాలి.

ఆ ప్రశ్న ఇంటి గడప దగ్గర ఆగకూడదు. నిమ్మనపల్లె చుట్టుపక్కల టమోటా తోటలున్నాయి. కోతకు వెళ్ళే తల్లుల వెంట పిల్లలూ వెళ్తుంటారు. ఆడకూలికీ మగకూలికీ తేడా ఎందుకని బిడ్డ అడిగితే, ఆ ప్రశ్నలో ఇల్లూ ఉంది, వర్గమూ ఉంది. తాటకి కథ బలం కూడా ఇక్కడే. అందులోని పిల్ల ఆడపిల్లే కాదు, దళిత పిల్ల, శ్రామిక పిల్ల. ఈ మూడింటినీ విడదీసి చెబితే కథ నీతిపాఠమవుతుంది, కలిపి చెబితే సాహిత్యమవుతుంది.

ఇలా రాయడానికి సిద్ధాంతాన్ని పలుచన చేయనక్కరలేదు. పెద్దల పుస్తకం జవాబుతో మొదలుకావచ్చు. పిల్లల పుస్తకం పిల్లలు రోజూ చూసే పనితో మొదలుకావాలి. ఆ పని ఎవరిదని అడగాలి. జవాబు వెతకడం చదివేవాళ్ళకు వదలాలి.

ఆ సాయంత్రం నేను కథను మళ్ళీ మొదటినుంచి చదివాను, ఆడపిల్లలిద్దరూ వచ్చి కూర్చున్నాకనే. కాని నీళ్ళు మర్నాడూ వస్తాయి. అప్పుడు బిందె కోసం తమ్ముడు కూడా లేవాలంటే కేక వేసే తల్లీ, కూర్చున్న తండ్రీ చదవవలసిన పుస్తకం ఒకటుంది, ఆ తమ్ముడు చదవవలసింది ఒకటుంది. మొదటిదాన్ని నూరేళ్ళకు పైగా రాస్తూనే ఉన్నాం. రెండోదాన్ని రాయడంలో ఆలస్యం చేశాం.