పారదర్శకమైన, పగలని ప్లాస్టిక్: బ్లాక్ కోపాలిమర్లు

పాలిస్టైరీన్ గాజులా పారదర్శకంగా ఉంటుంది. కింద పడితే పగులుతుంది. అందులో రబ్బరు రేణువులు చేరిస్తే దెబ్బకు తట్టుకుంటుంది, కాని తెల్లగా మసకబారుతుంది. కారణమేమిటి? ఆ రేణువులు సాధారణంగా 1000 నానోమీటర్లు, అంతకు పైన ఉంటాయి. దృశ్యకాంతి తరంగదైర్ఘ్యం 400–700 నానోమీటర్లే. రబ్బరు, పాలిస్టైరీన్ల వక్రీభవన గుణకాలు వేరు కనుక ఇంత పెద్ద రేణువులు కాంతిని చెదరగొడతాయి.

మరి పారదర్శకత, దృఢత్వం రెండూ ఎలా సాధ్యం? 1956లో మైఖేల్ ష్వార్ట్స్ ‘సజీవ’ పాలిమరీకరణాన్ని వివరించారు. ఇందులో మోనోమర్ అయిపోయినా గొలుసు చివర చురుకుగానే ఉంటుంది. గాలి, తేమ లేనిచోట బ్యూటైల్ లిథియంతో చర్య ప్రారంభించి స్టైరీన్, తరువాత బ్యూటాడయీన్, మళ్లీ స్టైరీన్ వరుసగా అందిస్తే, ఒకే గొలుసులో గట్టి ఖండాల మధ్య రబ్బరు ఖండం ఏర్పడుతుంది.

ఈ ఖండాలు నూనె, నీళ్లలా విడిపోవాలని చూస్తాయి. అయితే వాటిని కలిపిన సంయోజనీయ బంధం దూరంగా పోనివ్వదు. అందుచేత రబ్బరు భాగాలు కొన్ని పదుల నానోమీటర్లకే పరిమితమవుతాయి. అవి దెబ్బ శక్తిని గ్రహిస్తాయి. కాంతిని మాత్రం దాదాపు చెదరగొట్టవు.

ఒక లోపముంది. రబ్బరు ఖండంలోని ద్విబంధాలపై ఎండ, ఆక్సిజన్ పనిచేసి ప్లాస్టిక్‌ను పెళుసుగా, పసుపుగా మారుస్తాయి. అందుకే దీనిని ఆరుబయట వస్తువులకన్నా పారదర్శక కప్పులకు, ఆహారపు డబ్బాలకు ఎక్కువగా వాడతారు.